బహ్రెయిన్ ఎయిర్‌పోర్టుకు పంపిన క్యాసెట్టు

మోకాళ్ల నొప్పుల వల్ల విమానంలోంచి అందరికంటే చివర దిగడం ఈ మధ్య నాకు అలవాటైంది. పోయిన చలికాలం బహ్రెయిన్‌లో దిగినప్పుడూ అంతే. అక్కడ పనిచేసే మన జిల్లాల వాళ్లు ఒక సభ పెట్టుకుని, చాలా ఏళ్లు పత్రికల్లో పనిచేసిన వాడినని నన్ను మాట్లాడమని పిలిచారు. జనం అంతా దిగిపోయాక నేను పైన పెట్టిన సంచి దింపుకుంటుంటే వెనక తలుపులోంచి శుభ్రం చేసేవాళ్లు ఎక్కారు. ఒకరు దుప్పట్లు, ఒకరు కప్పులు, ఒకరు సీటు జేబులు. ఎవరూ ఎవరికీ అడ్డం రాకుండా వరుసలు దాటుకుంటూ వస్తున్నారు. నేను తలుపు దాటి ఆ సొరంగం లాంటి దారిలో సగం నడిచానో లేదో, వెనక నుంచి తెలుగులో కేక వినిపించింది.

“పెద్దనాయినా, జర ఆగుండ్రి! గీ అద్దాలు మీయేనా?”

నలభై దాటిన మనిషి. చేతిలో నా కళ్లద్దాలు. తెలుగువాడినని ఎలా తెలిసిందని అడిగితే నవ్వాడు. “సీటు జేబుల తెలుగు పేపర్ కూడ ఉన్నది సార్. మనోళ్లే అనుకొని ఉరికొచ్చిన. మాది జమ్మికుంట దగ్గర.” నేను థాంక్స్ చెప్పి, చెత్తలో పోయాయనుకుని ఊరుకునేవాడిని అన్నాను. అతని ముఖంలో నవ్వు పోయింది. “చెత్తల ఎట్ల పోతయి సార్? ప్రతి జేబుల చెయ్యి పెట్టి చూసినంకనే సంచిల ఏస్తం. దొరికిన చెంచా గూడ సూపర్‌వైజర్ చేతుల పెట్టాలె. చెత్తల పోయిందన్న మాట మా నోట్లకెల్లి వస్తే మాకు గంతకన్న నామోషీ లేదు.”

“మా బాపు కూడా గిదే పని చేసిండు. గీ ఎయిర్‌పోర్టులనే” అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. అంతకుముందు ఎవరడిగినా బాపుది ఎయిర్‌పోర్టులో నౌకరి అని మాత్రమే చెప్పేవాడిని. అతను సంతోషపడి నా చెయ్యి పట్టుకున్నాడు. నేను మాత్రం ఆ చెయ్యి వదిలించుకుని గబగబా నడవాలని చూశాను. నామోషీ అన్న ఆ మాటను మా బాపు ఎన్నేళ్లు మోశాడో, ఎవరి కోసం మోశాడో నాకు తెలుసు.

మా ఊరు గోదావరి గట్టున, లక్సెట్టిపేటకు సైకిల్ మీద పోయేంత దూరం. మా వైపు గల్ఫ్ దేశాలన్నింటికీ దుబాయి అనే ఒక్క పేరు. బాపు పోయింది బహ్రెయిన్‌కు అయినా ఊళ్లో ఆయన కూడా దుబాయి మల్లయ్యే. కొన్నాళ్లకు ఆయన పని విమానాశ్రయంలో అని తెలిశాక ఎయిర్‌పోర్టు మల్లయ్య అయ్యాడు. విమానంలోనే ఆయన డ్యూటీ అంటే, నడుపుతాడేమో అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఇంటర్‌లో నా పక్కన కూర్చునే పిల్లగాడు ఆ మాట అడిగితే నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. సెలవు మీద వచ్చినప్పుడు బాపు చెప్పే కబుర్లన్నీ ఆ ఎయిర్‌పోర్టువే. ఆ దేశం ఎంత చిన్నదంటే విమానం దిగేటప్పుడు నీళ్లలో పడిపోతామేమో అనిపిస్తుందట. ఒక విమానం దిగి మళ్లీ ఎగిరేలోపు వాళ్లు పదిమంది లోపలికి పోయి, మూడు వందల మంది వదిలిన ఎంగిలి అంతా ఎత్తి, కొత్త పెళ్లివారి పందిరిలాగా చేసి దిగాలట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన వీపు నిటారుగా అయ్యేది.

మా ఇంట్లో ఆ ఎయిర్‌పోర్టు అన్ని మూలలా ఉండేది. పారేసేందుకు పక్కన పెట్టినవి, సూపర్‌వైజర్ తీసుకోమన్నవి మాత్రమే బాపు తెచ్చేవాడు. నీలం రంగు దుప్పట్లు, బొటనవేలంత ఉప్పు పొట్లాలు, నిమ్మకాయ వాసన వేసే తడి కాగితాలు, కళ్లకు కట్టుకునే నల్ల పట్టీలు. తెల్లటి కాగితపు సంచులు కూడా ఉండేవి. లోపల నున్నగా, తడి తగిలినా చిరగనివి. మా అవ్వ, అంటే అమ్మ, వాటిలో ఆవాలు, మెంతులు, చింతపండు పోసి అటక మీద వరుసగా పెట్టుకునేది. అవి కడుపులో తిప్పినప్పుడు కక్కుకోవడానికి ఇచ్చే సంచులని బడి పంతులొకాయన చదివి చెప్పేదాకా ఎవరికీ తెలియదు. అవ్వ రెండు నిమిషాలు ఆలోచించి, “ఇండ్ల ఎవలు కక్కలే గదా పంతులు, కొత్తయే గదా” అని మళ్లీ అటక మీద పెట్టేసింది.

అవ్వ బీడీలు చేసేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వాడకట్టు ఆడవాళ్లు చాటలు తీసుకుని మా వాకిట్లోకే వచ్చేవాళ్లు. తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, కత్తెరల చప్పుడు. వాళ్లు మా ఇంటికే రావడానికి కారణం బాపు తెచ్చిన టూ-ఇన్-వన్. రేడియో, టేప్‌రికార్డర్ రెండూ అందులోనే. చదువు రాని ఇళ్లల్లో ఉత్తరం కంటే క్యాసెట్టే మేలు. ఖాళీ క్యాసెట్టు తెచ్చుకుని మా ఇంట్లో కూర్చుని మాటలు నింపి, సెలవు ముగించుకుని పోయే ఎవరి చేతనో పంపేవాళ్లు. అది ఎవరికి పోవాల్సినదైనా ముందు మా బాపుకే చేరేది. పోయేవాళ్లంతా ఆ ఎయిర్‌పోర్టులోనే కదా దిగేది. బాపు వాటిని గదికి తీసుకుపోయి, టేపు చిక్కుపడిందేమో ఒకసారి వేసి చూసి, శుక్రవారం సెలవు రోజున ఎవరిది వాళ్లకిచ్చేవాడు. శుక్రవారాలు ఆయన గది ముందు మన జిల్లాల వాళ్లు ఎండలో నిలబడి ఉండేవారట. ఆయన చేతిలో పడిన క్యాసెట్టు ఒక్కటైనా పోలేదని గల్ఫ్ నుంచి వచ్చిన ప్రతివాడూ అవ్వతో చెప్పి పోయేవాడు.

ఇటువైపు క్యాసెట్లు నింపే పని నాది. ఎర్ర బటను నొక్కడం, అయ్యాక మళ్లీ ఎవరూ దాని మీద నింపకుండా క్యాసెట్టు నెత్తిన ఉండే చిన్న ప్లాస్టిక్ రెక్క విరగ్గొట్టడం. ఆ డబ్బా ముందు కూర్చున్న వాళ్లంతా ఒక పని చేసేవాళ్లు. “మంచిగున్నవా?” అని అడిగి ఆగేవాళ్లు. అవతలి మనిషి జవాబు చెప్పడానికి పట్టేంతసేపు ఆగి, అతను ఏదో చెప్పాడన్నట్టు తల ఊపి, అప్పుడు ముందుకు పోయేవాళ్లు. నాకు పద్దెనిమిదేళ్లు. టేపు వృథా అవుతుందని విసుక్కునేవాడిని.

రాజవ్వ మా పక్కింటి మనిషి. అవ్వ ఆమెను అక్కా అనేది, నేను పెద్దవ్వా అనేవాడిని. ఆమె కొడుకు పోశం బహ్రెయిన్‌లోనే తాపీ పని చేసేవాడు. వద్దంటే వినకుండా పోయాడు. పోయే రోజు తల్లీకొడుకుల మధ్య పెద్ద గొడవ. అన్నం ముందు నుంచి పోశం లేచిపోతుంటే రాజవ్వ వాకిట్లో నిలబడి, “నా పీనుగు మీదికి కూడ రాకు” అని అరిచింది. వాడకట్టంతా విన్నది. ఆ తర్వాత రెండు సెలవులు వచ్చినా పోశం రాలేదు. ఆమె కూడా అతని ఊసెత్తేది కాదు. ఆ ఎండాకాలం ఆమెకు కాళ్లు వాచి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. ఒకరోజు మధ్యాహ్నం చేతిలో కొత్త క్యాసెట్టు పట్టుకుని గోడ పట్టుకుంటూ మా ఇంటికి వచ్చింది.

“నోరు జారి అన్న మాట ఒకటున్నది చెల్లే” అన్నది అవ్వతో. “గది వాపసు తీసుకోవాలె. గిది నిండుతదా గీ డబ్బల?”

“అన్నీ నిండుతయి పెద్దవ్వా. మాట్లాడు” అన్నాను.

“ఎవల దిక్కు చూడాలె? గీ డబ్బ దిక్కేనా?”

“డబ్బ దిక్కే చూడు. పోశమన్న ఇంటడు.”

“వాడు ఇంటే గింత లొల్లి ఎందుకయితుండె!” అన్నది రాజవ్వ. కత్తెరలు ఆపి అందరూ నవ్వారు. తర్వాత అవ్వ అందరినీ లేపి వెనక కొట్టంలోకి తీసుకుపోయింది, ఆమె ఒంటరిగా చెప్పుకోవాలని. నేనొక్కడినే మిగిలాను. “బిడ్డా పోశం, ఇంటున్నవా?” అని మొదలుపెట్టింది. ఆగింది. తర్వాత చెప్పింది. పావుగంటకు పైనే చెప్పింది. అయ్యాక తన గొంతు ఎట్లుంటుందో వింటానంటే, వెనక్కి తిప్పి పెట్టాను. “బిడ్డా పోశం, ఇంటున్నవా?” అన్నంతవరకు విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఛీ, ఆపు కొడుకా, కాకి అరిచినట్టున్నది” అని లేచిపోయింది. ఆపేశాను. రెక్క విరగ్గొట్టలేదు. అప్పటికే నా ధ్యాస గడియారం మీద ఉంది.

రేడియోలో శ్రోతలు కోరే పాటల కార్యక్రమానికి నేను కార్డులు రాస్తూ ఉండేవాడిని. ఆ వారం నా పేరు వస్తుందని ఎందుకో గట్టి నమ్మకం. పేరు వస్తే దాన్ని నింపుకుని కాలేజీలో వినిపించాలని వేరే క్యాసెట్టు సిద్ధంగా పెట్టుకున్నాను. రాజవ్వ గడప దాటడం, కార్యక్రమం మొదలు కావడం ఒకటే అయింది. రేడియోకు తిప్పాను. రెండో పాటకే, “లక్సెట్టిపేట నుంచి రవీందర్” అని మొదలుపెట్టబోతున్నట్టు నాకు అనిపించింది. డబ్బాలో ఏమున్నదో చూడలేదు. ఎర్ర బటను నొక్కేశాను. నా పేరు నిజంగానే వచ్చింది, నాలుగో పాటకు. గంతులేశాను. కార్యక్రమం మొత్తం అయ్యాక క్యాసెట్టు బయటికి తీస్తే అది రాజవ్వది. నాది కిటికీలో, నేను పెట్టిన చోటనే ఉంది.

సాయంత్రం దాకా దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి విన్నాను. “బిడ్డా పోశం, ఇంటున్నవా?” అన్న మాట, ఆ తర్వాత పాటలు, అనౌన్సరు గొంతులో నా పేరు. ఆమె చెప్పిన మిగతాదంతా చెరిగిపోయింది. బహ్రెయిన్ పోయే మనిషి బయలుదేరడానికి ఇంకా నాలుగు రోజులుంది. నాలుగు రోజుల్లో పక్కింటికి పోయి పెద్దవ్వా, తప్పయింది, మళ్లీ చెప్పు అని అడగడానికి ఎన్ని అడుగులు వేయాలి? రోజూ గడప దాకా పోయేవాడిని. ఆమె మంచం మీద నుంచి, “కొడుకా, చెప్పినంక గుండెల బరువు దిగినట్టయింది” అనేది. నేను తిరిగి వచ్చేవాడిని. నాలుగో రోజు ఆమె ఆ క్యాసెట్టును గుడ్డలో చుట్టి, ప్రయాణమయ్యే మనిషి చేతిలో తనే పెట్టింది. “జర పైలం బిడ్డా” అన్నది అతనితో. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను.

ఆ తర్వాత రాజవ్వ రోజూ అడిగేది, మల్లయ్య దగ్గరికెల్లి ఏమన్నా వచ్చిందా అని. రాలే పెద్దవ్వా అనేవాడిని. “ఇన్నడో లేదో. ఇన్నా కోపం పోలేనట్టుంది” అనేది. వానలు పడకముందే పోయింది. టెలిగ్రాం ఇచ్చారు. పోశం రాలేదు. తల్లి మాట అట్లాగే నిలబెట్టాడని ఊళ్లో అన్నారు.

బాపు క్యాసెట్టు ఆ తర్వాత నెలకు వచ్చింది. ఆమె చనిపోకముందే నింపి పంపాడు, తెచ్చే మనిషి ఆలస్యమయ్యాడు. చాటలన్నీ పక్కన పెట్టి అందరూ చుట్టూ కూర్చున్నారు. అందరినీ పేరుపేరునా అడిగాక బాపు అన్నాడు: “రాజవ్వ వదినెకు చెప్పుండ్రి, ఆమె పంపిన క్యాసెట్టు నా చేతులకెల్లి చెత్త సంచిల పడిపోయింది. పోశానికి గూడ అదే చెప్పిన. నాదే తప్పు. ఇంకోటి నింపియ్యుండ్రి, జల్ది పంపుండ్రి.” కొంచెం ఆగాడు. “రవిందరూ, రేడియోల నీ పేరు మంచిగ ఇనవడ్డది బిడ్డా.”

నాకు చెమటలు పట్టాయి. బాపు టేపు వేసి చూసుకున్నాడు. ఆయనకు అంతా తెలిసింది. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, “అయ్యో, పాపం అక్క మాట చెత్తల పోయిందట” అని ఏడ్చి, అంతలోనే నా వైపు తిరిగి, “మన రేడియో గంత దూరం ఇనవడ్డదా కొడుకా, బాపు ఇన్నడట నీ పేరు!” అన్నది. ఆడవాళ్లు నా భుజం తట్టారు. లక్సెట్టిపేట రవీందర్ పేరు బహ్రెయిన్ దాకా పోయిందని వాడకట్టులో వారం రోజులు చెప్పుకున్నారు.

ఆ మరుసటి ఏడు బాపు సెలవు మీద వచ్చాడు. ఎప్పటిలాగే ఇల్లంతా జనం. నేను సబ్బులు, సెంటు సీసాలు పంచుతున్నాను. రాజవ్వ తమ్ముడు వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

“ఏం ఎయిర్‌పోర్టు మల్లయ్యా! గంత పెద్ద ఇమానం సాఫ్ జేసెటోనివి, చేతెడు క్యాసెట్టు దాచ చేతగాలేదా? మా అక్క పానం పోయేదాక కొడుకు జవాబు కోసం చూసింది.”

“నిజమే బావా. నాదే తప్పు” అన్నాడు బాపు. “చెత్తల పడ్డది, చూసుకోలే.”

ఆయన నా వైపు చూస్తాడేమోనని భయపడ్డాను. చూడలేదు. సబ్బు నా చేతిలోనే ఉంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. పక్కనున్న వాళ్లకు సబ్బు అందించి లోపలికి పోయాను. ఆ సెలవులో బాపు ఎయిర్‌పోర్టు కబుర్లు చెప్పలేదు. అక్కడ ఇప్పుడు క్యాసెట్లు ఎవరూ ఆయనకు ఇవ్వడం లేదని, శుక్రవారాలు ఆయన గది ముందు ఎవరూ నిలబడడం లేదని, పోశం పదిమందిలో ఆయన్ని కాలర్ పట్టుకున్నాడని తర్వాత ఎవరో అవ్వకు చెప్పారు. తిరిగి పోయే రోజు లక్సెట్టిపేట బస్టాండులో ఆయన నాతో ఒక్క ముక్క అన్నాడు. “ఎవలికీ చెప్పకు. నేను ఎట్లయినా చెత్త ఎత్తెటోన్నే. నీది సదువుకునే పేరు.”

ఆ మాట నాకు బాగా పనికొచ్చింది. బాపు ఆజ్ఞ అని నాకు నేను చెప్పుకుంటూ, ఏళ్ల తరబడి తప్పు చేసిన వాళ్ల గురించి వార్తలు రాశాను. నిజం దాచిన ఆఫీసర్లను ప్రశ్నలడిగి చెమటలు పట్టించానని పేరు తెచ్చుకున్నాను. బాపు ఊళ్లోనే పోయాడు. పోశం అప్పటికి బహ్రెయిన్ వదిలి వచ్చి ఇంటి దగ్గరే ఉన్నాడు. పాడె పోశం ఇంటి ముందు నుంచే పోవాలి. తలుపు వేసి ఉంది. ముందు నడుస్తూ ఆ తలుపును చూశాను, చూసి కూడా నడిచాను.

బాపు పనిచేసిన పాత టెర్మినల్ ఇప్పుడు లేదు. దాని పక్కన కట్టిన కొత్తదానిలో అంతా గాజు, వెలుతురు. సామాను కోసం నిలబడ్డ చోట మన వాళ్లు నలుగురు ఫోన్లు ముఖాల ముందు పెట్టుకుని ఇంటికి మాట్లాడుతున్నారు. “దిగిన్నే, గిదో, కనవడుతున్ననా?” అంటే అటు నుంచి పిల్లల అరుపులు వెంటనే వస్తున్నాయి. ఒక మాట అవతలికి చేరడానికి మధ్యలో ఒక మనిషి నిజాయితీ అవసరమన్న సంగతి వాళ్లకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. సభలో నేనేం మాట్లాడానో గుర్తు లేదు. తిరిగొచ్చిన మూడో రోజు, ఇప్పుడు నేనుండే కరీంనగర్ నుంచి ఊరికి పోయాను.

పోశం అన్న అరుగు మీద కూర్చుని కందులు ఏరుతున్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఎదురుగా వచ్చిన నన్ను గుర్తుపట్టాడు, కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. రెక్క విరగ్గొట్టకపోవడం, రేడియో, నా పేరు, నాలుగు రోజులు, బాపు అన్న మాట. ఆయన చేతులు చాటలో ఆగిపోయాయి.

“గట్లయితే మల్లయ్య బాపు పోగొట్టలే” అన్నాడు చివరికి.

“లే అన్నా. నేనే.”

“నేను ఆయన కాలర్ పట్టుకున్న. మా ముందటికెల్లి ఆయన పీనుగు పోతుంటే తలుపేసుకున్న.” కాసేపు కందుల వైపు చూశాడు. నన్ను తిడతాడని, కొడతాడని కూడా అనుకున్నాను. ఆయన ఇంకోటి అడిగాడు. “నువ్వు పక్కనే కూసున్నవ్ గదా తమ్మీ. మా అవ్వ ఏం చెప్పింది?”

“నువ్వు పోయిననాడు అన్న మాట వాపసు తీసుకోనీకే వచ్చిందన్నా. మా అవ్వతోని గట్లనే అన్నది.”

“గది కాదు. నాకు ఏం చెప్పింది? ఎట్ల చెప్పింది?”

పావుగంటకు పైగా ఆమె మాట్లాడింది. వినే చోట ఉన్నవాడిని ప్రపంచంలో నేనొక్కడినే. నేను ఆ పావుగంట తిరుగుతున్న టేపును, గడియారాన్ని చూస్తూ కూర్చున్నాను. రాతపనిలో బతికినవాడిని కనుక ఒక తల్లి కొడుకుతో ఏమంటుందో నాలుగు వాక్యాలు అప్పటికప్పుడు అల్లగలను, ఆయన నమ్ముతాడు కూడా. ఆ వాక్యాలు నాలుక దాకా వచ్చాయి.

“యాదిల లేదన్నా” అన్నాను. “నేను ఇనలే.”

“ఒక్క మాటన్న?”

“లేదన్నా.”

ఆయన చాట పక్కన పెట్టి లేచాడు. లోపలికి పోతాడనుకున్నాను. గుమ్మం పట్టుకుని అడిగాడు, “మల్లయ్య బాపు ఫోటో మీ ఇంట్ల ఉన్నదా, కరీంనగర్‌ల?” ఉందన్నాను.

రెండు రోజులకు ఒక్కడే బస్సెక్కి వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. చెప్పులు గేటు బయటే విడిచాడు. కూర్చోమంటే కూర్చోలేదు, మంచినీళ్లు ముట్టలేదు. ఫోటో ఉన్న గది చూపించాను. ఆయన దాని ముందు చేతులు కట్టుకుని నిలబడి గొంతు సవరించుకుని, “బాపూ” అన్నాడు. నేను బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను. లోపల ఆయన చాలాసేపు మాట్లాడాడు.